దఫేదారు జీవరాజ్ ఎవరి ముందు నడవాలి?

మాంజ్రా విశ్వవిద్యాలయం అని బీదరులో ఒకటి ఉండేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి, ఈ కథ అయ్యేదాకా ఉండేదనుకోండి, అంతే చాలు. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, మైసూరు రాష్ట్రం రోజుల్లో, ఊరి బయట ఒక పాత నవాబు బంగళాలో దాన్ని పెట్టారు. పదమూడేళ్లలో దానికి తొమ్మిది మంది వైస్ చాన్సలర్లు వచ్చారు. వాళ్లు చదువుకు చేసిన మేలేమిటని అడిగితే పెద్ద పెద్ద ప్రొఫెసర్లే నీళ్లు నమిలేవారు. ఎవరి బూట్లు కిర్రుమనేవి, ఎవరికి నాలుగో మెట్టు దగ్గర ఆయాసం వచ్చేది, ఎవరు నడుస్తూ తమలో తాము గొణుక్కునేవారు అని అడిగితే మాత్రం దఫేదారు జీవరాజ్ టకటకా చెప్పేవాడు. ఆ తొమ్మిది మంది ముందూ నడిచిన మనిషి అతను.

దఫేదారు పని ఏమిటో తెలియనివాళ్లకు చెబుతున్నాను. వీసీ కారు పోర్టికోలో ఆగగానే, తెల్లకోటు, భుజం మీదుగా ఎర్రపట్టీ, జరీ అంచు పాగా, రొమ్ము మీద ఇత్తడి బిళ్ళ పెట్టుకున్న దఫేదారు కారు తలుపు తీసి, సలాం చేసి, ఆయనకు మూడడుగుల ముందు నడవాలి. వరండా పొడవునా నడిచి, గది తలుపు తెరిచి, పక్కకు తప్పుకోవాలి. దారిలో ఏం జరిగినా వెనక్కు తిరిగి చూడకూడదు. నిజాం కాలపు కచేరీల నుంచి వచ్చిన మర్యాద ఇది. ఎక్కడా రాసి లేదు, అందుకే ఎవరూ తప్పలేదు. ఎర్రపట్టీ కనబడితే చాలు, గుమాస్తాలు లేచి నిలబడేవారు, లెక్చరర్లు సిగరెట్లు వీపు వెనక దాచేవారు. వెనక వచ్చే మనిషి మొహం చూసేంత తీరిక ఎవరికీ ఉండేది కాదు. జీవరాజ్ ఎవరి ముందు నడిస్తే ఆయనే వీసీ అని అందరి లెక్క.

జీవరాజ్‌ది బీదరు పక్కనున్న బగ్దల్. మిషను బళ్లో నాలుగో తరగతి దాకా చదివాడు. బంగళాకు మరమ్మతులు జరుగుతున్న రోజుల్లో ఇటుకలు మోయడానికి వచ్చాడు. ఆరడుగుల మనిషి, నెత్తిన ఇటుకలున్నా మెడ వంచేవాడు కాదు. మొదటి వీసీ అది చూసి ఈ మనిషికి పాగా చుట్టించండి అన్నాడు. పాగా చుట్టించారు గానీ ఉద్యోగం మాత్రం టెంపరరీ అన్నారు. ఎనభై తొమ్మిది రోజులకు ఒక ఉత్తర్వు ఇచ్చేవారు. తొంభయ్యో రోజున తీసేసేవారు. తొంభై ఒకటో రోజున మళ్లీ ఎనభై తొమ్మిది రోజులకు పెట్టుకునేవారు. తొంభై రోజులు ఆగకుండా పనిచేస్తే మనిషి నన్ను ఖాయం చేయండి, పర్మనెంటు చేయండి అని అడుగుతాడట! ఈ తెలివి ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ వాడు పచ్చి దుర్మార్గుడని నా అభిప్రాయం. ఆ తొంభయ్యో రోజుకు జీతం లేదు. జీవరాజ్ ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా గుమ్మంలోంచి దొడ్లోకీ, దొడ్లోంచి గుమ్మంలోకీ తిరిగేవాడు. పక్కింటి భీమప్ప గోడ మీదుగా చూసి పలకరించేవాడు.

"ఏం జీవరాజన్నా, ఇయ్యాల వీసీ సాబు లేడా?"

"సాబు ఉన్నడు. నేనే లేను."

ఖాయం కావడం అతనికి ఉత్త గౌరవం కాదు. పుట్టినరోజు తెలియని పిల్లలందరికీ రాసినట్టే బళ్లో పంతులు అతనికీ జూన్ ఒకటి అని రాశాడు, సంవత్సరం పంతొమ్మిది వందల పంతొమ్మిది. ఆ లెక్కన డెబ్బై నాలుగు మే ముప్పై ఒకటి సాయంత్రం అతని కొలువు ముగుస్తుంది. ఆలోగా ఖాయమైతే వెనకటి ఏళ్లన్నీ కలిపి పింఛను వస్తుంది. కాకపోతే పాగా అప్పగించి ఉత్తచేతులతో ఇంటికి పోవాలి. భార్య కృపమ్మ మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రిలో ఊడ్చే పని అప్పటికే మానేసింది. ముసలితనంలో ఇద్దరూ ఏం తినాలన్నది ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంది. ఆ కాగితం మీద కావలసింది ఒక్క సంతకం, వీసీది.

సిబ్బంది కాగితాలు చూసే గుమాస్తా తుకారాం మంచివాడు. కొత్త వీసీ వచ్చిన మొదటి వారంలోనే జీవరాజ్ ఫైలు బల్ల మీద పెట్టేవాడు. ఇక చూడండి.

మొదటాయన మైసూరు వైపు నుంచి వచ్చిన తత్వశాస్త్రం పెద్దమనిషి. ఫైలు చూసి, ఖాయమన్నది ఈ లోకంలో ఏముందయ్యా అని చిరునవ్వు నవ్వి పక్కన పెట్టాడు. బీదరు ఎండాకాలం ఒకటి చూశాడు. రెండో ఎండాకాలం రాకముందే మైసూరు వెళ్లి అక్కణ్ణుంచి రాజీనామా తంతి కొట్టాడు. రెండో ఆయన భూసారం సైంటిస్టు. చెట్లు పెట్టాలని ఆవరణంతా మూడు వందల గుంతలు తవ్వించాడు. మొక్కలు వచ్చేలోగా ఆయనకు ఢిల్లీలో ఇంకా పెద్ద ఉద్యోగం వచ్చింది. ఫైలు సంగతి ఢిల్లీ నుంచి చూస్తానన్నాడు. గుంతలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఆ తర్వాత వచ్చిన సాబులు తోట చూడబోయినప్పుడల్లా జీవరాజ్ వెనక్కు తిరగకుండానే "గుంత, సాబ్... ఇంకో గుంత, సాబ్" అని చెబుతూ నడిచేవాడు.

మూడో ఆయన చదవకుండా సంతకం చేయనివాడు. జీవరాజ్ ఫైలును మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. నెలకొక పేజీ నడిచింది. మూడేళ్ల గడువు ముగిసిననాటికి ముప్పై ఆరో పేజీలో ఉన్నాడు. ఫైలుకు పేజీలు ముప్పై ఎనిమిది. నాలుగో ఆయన ఇరవై మూడు రోజుల ఇన్‌చార్జి. నేనే టెంపరరీ, నిన్నెట్లా ఖాయం చేస్తాను అన్నాడు. ఆ మాటలో న్యాయముందని జీవరాజ్ కూడా ఒప్పుకున్నాడు.

ఐదో ఆయన నిజంగా మంచివాడు. ఫైలు తెరిచి, పెన్ను తీసి, మూత కూడా విప్పాడు. సరిగ్గా అప్పుడే హాస్టలు పప్పులో పురుగులు తేలాయని విద్యార్థులు బంగళాను చుట్టుముట్టారు. రాళ్లు కూడా పడ్డాయి. వెనక కిటికీ ఒక్కటే దారి. మర్యాద మర్యాదే గనుక ముందు జీవరాజ్ దిగాడు, తర్వాత వీసీ దిగాడు. వెనకనున్న జొన్నచేలో ఇద్దరూ మూడడుగుల ఎడం తప్పకుండా వంగి వంగి నడిచారు. హుమ్నాబాద్ రోడ్డు మీద బస్సెక్కిన ఆ సాబు మళ్లీ రాలేదు. పెన్ను కూడా ఆయన జేబులోనే పోయింది. ఆరో ఆయన వచ్చి ఫైళ్లన్నీ కన్నడంలో ఉండాలన్నాడు. మంచి మాటే. ముప్పై ఎనిమిది పేజీల ఇంగ్లీషు కన్నడంలోకి మారి వచ్చేసరికి రెండేళ్లు పట్టింది. అది వచ్చిన రోజున ఆయనకు వీడ్కోలు సభ జరుగుతోంది. పూలదండల పళ్లెం పట్టుకుని నిలబడ్డది జీవరాజే.

ఆదివారం చర్చిలో జీవరాజ్ ప్రార్థన ఏళ్ల తరబడి ఒకటే. "ప్రభువా, ఈ వీసీ సాబును దస్కతు చేసేదాంక సల్లగ చూడు." కృపమ్మకు ఇది విని విని విసుగొచ్చింది.

"నీ ఫైలు మీద చెయ్యి పెట్టబోతే సాలు, ఆ సాబు నౌకరి పోతాంది. నువ్వు గింత బలమైనోనివని సర్కారుకు ఎరుకైతే పాకిస్తాన్ మీదికి తోలుతరు నిన్ను" అనేది.

ఏడో ఆయన ధారవాడ వైపు నెమ్మదస్తుడు. వచ్చిన ఏడాదికి, డెబ్బై మూడు నవంబరు ఒకటిన, మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. ఊళ్లో మిఠాయిలు పంచారు. ఆ తీపి నోట్లో ఉండగానే ఆయన్ను తొలగిస్తూ ఉత్తర్వు వచ్చింది. అక్టోబరులో రాసింది నవంబరులో చేరింది. కాగితం పైన మైసూరు ప్రభుత్వం అని ఉంది. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఈ ప్రభుత్వం ఇప్పుడు లేదు కదా, లేని ప్రభుత్వం నన్నెలా తీస్తుంది అని కుర్చీలోంచి కదలలేదు. పైగా కోర్టుకు వెళ్లాడు. ఇంతలో ఎనిమిదో ఆయన కర్ణాటక అని రాసి ఉన్న సరికొత్త ఉత్తర్వు పట్టుకుని బెంగళూరు నుంచి దిగాడు.

ఒక సోమవారం పొద్దున పది గంటలకు పోర్టికోలో విశ్వవిద్యాలయం కారు ఒకటి, బాడుగ కారు ఒకటి పక్కపక్కనే ఆగాయి. రెండింట్లోంచీ ఇద్దరు సాబులు ఒకేసారి దిగారు. వరండా పొడవునా గుమాస్తాలు, ప్రొఫెసర్లు, గేటు దాకా విద్యార్థులు. అందరి కళ్లూ జీవరాజ్ మీదే ఉన్నాయి. ఒకరి ముందు నడిస్తే రెండో ఆయన ఫైలును చించి అవతల పారేస్తాడు. చేతిలో ఆరు నెలలే ఉన్నాయి. అతను ఆలోచించి, ఇద్దరికీ చెరో సలాం కొట్టి, ఇద్దరికీ నడిమధ్యన నిలబడి నడక మొదలుపెట్టాడు. వెనక సాబులిద్దరూ భుజాలు రాసుకుంటూ వచ్చారు. గది తలుపు ఒక్క మనిషి పట్టేంత వెడల్పే ఉంది. అక్కడేం జరిగిందో జీవరాజ్ చూడలేదు, వెనక్కు తిరగకూడదు కదా. చప్పుడు మాత్రం విన్నాడు.

ఆ రోజు నుంచి ఒకే బల్లకు ఇటు ఒక వీసీ, అటు ఒక వీసీ. బల్ల మీద రెండు గంటలు. ఏ గంట మోగినా జీవరాజ్ లోపలికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా మధ్యనున్న గోడ గడియారానికి సలాం చేసేవాడు. చాయ్ ఎవరి ముందు మొదట పెట్టినా తంటాయే గనుక రెండు చేతులా రెండు కప్పులు పట్టుకుని ఒకే టక్కున పెట్టడం సాధన చేశాడు. సాబులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. కిటికీ మూయమని ఆయనతో చెప్పు అని ఒకరు, తెరిచే ఉంచమని ఆయనతో చెప్పు అని ఇంకొకరు. జీవరాజ్ కిటికీని సగం మూసేవాడు. ఎవరు ముందు వచ్చి కూర్చుంటే వాళ్లదే గది అన్న పట్టింపుతో ఒకరు తొమ్మిదికి వస్తే మర్నాడు రెండో ఆయన ఎనిమిదికి, ఆ మర్నాడు మొదటాయన ఏడుకు. చివరికి వరండా ఊడ్చే తాయవ్వ ఇద్దరు వీసీల కాళ్ల కిందా చీపురు పెట్టి లేపాల్సి వచ్చింది.

ఒకరోజు ఎనిమిదో ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లిన రెండు నిమిషాల్లో ఏడో ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. జీవరాజ్‌ను ఖాయం చేస్తూ ఉత్తర్వు. సంతకం అయిపోయి ఉంది. రేపటి నుంచి నా ఒక్కడి ముందే నడువు, ఆయనతో అనకు అన్నాడు. జీవరాజ్ కాగితం అందుకుని చూశాడు. పన్నెండేళ్లు వెతికిన సంతకం, నిగనిగలాడే నల్ల సిరా. మర్నాడు ఏడో ఆయన చేతులు కడుక్కోబోతే ఎనిమిదో ఆయనా అదే పని చేశాడు. వద్దనడానికి జీవరాజ్‌కు ధైర్యం చాలలేదు. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందనుకుని రెండూ జేబులో పెట్టుకున్నాడు. ఇంత జాగ్రత్తపడ్డ మనిషి పప్పులో కాలేసింది ఇక్కడే. మూడో రోజున రెండు కాగితాలూ పట్టుకుపోయి తుకారాం ముందు పెట్టాడు.

తుకారాం నెత్తి పట్టుకున్నాడు.

"మామా, ఏం జేస్తివే ఇది! ఒక్కటి తెస్తే కండ్లు మూస్కోని ఎక్కిస్తుంటి. రెండు తెస్తివి. ఏది ఎక్కిచ్చినా ఆయననే వీసీ అని నేను ఒప్పుకున్నట్టయితది. రెండూ ఎక్కిస్తే నన్ను పాగల్‌ఖానకు తోలుతరు."

"రెండిట్ల మంచిది ఏదో నువ్వే చూడు, తుకారామయ్యా."

"చూసుడేంది, రెండూ టైపు చేసింది నేనే గదా. ఎవ్వరికి చెప్పొద్దు అని ఇద్దరూ ఒట్టేయించుకున్నరు. రెండూ తెచ్చి ఒక్కపారే ముంగట పెడ్తవని నాకేం ఎరుక?"

ఈ సంగతి మధ్యాహ్నం భోజనాల వేళకు గోడ దాటింది. సాయంత్రానికి సాబులిద్దరి చెవినా పడింది. ఒకే బల్ల దగ్గర కూర్చున్న యాభై రోజుల్లో వాళ్లిద్దరూ ఒకే మాట మీద నిలబడిన పని ఒక్కటే, జీవరాజ్ ఉత్తర్వు రద్దు చేయడం. చెరొక రద్దు కాగితం ఇచ్చారు. అవి కూడా తుకారామే టైపు చేశాడు.

జనవరిలో కోర్టు తీర్పు వచ్చింది. ఏడో ఆయన్ను తీసిన తీరు తప్పు, ఎనిమిదో ఆయన్ను పెట్టిన తీరు తప్పు, అసలు ఏడో ఆయన్ను మొదట పెట్టిన తీరే తప్పు. ఆ యాభై రోజుల్లో వాళ్లు చేసిన సంతకం ఏదీ చెల్లదు. ఖాయం చేసిన కాగితాలు రెండూ చెల్లలేదు, రద్దు చేసిన కాగితాలు రెండూ చెల్లలేదు. నాలుగు కాగితాలు పోగా జీవరాజ్ మళ్లీ ఎనభై తొమ్మిది రోజుల మనిషిగా తేలాడు. ఇద్దరు సాబులూ ఒకే బస్సులో పోయారు, ముందు సీట్లో ఒకరు, వెనక సీట్లో ఒకరు.

తర్వాత మూడు నెలలు వీసీ అంటూ ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే విశ్వవిద్యాలయం అంత సాఫీగా ఎన్నడూ నడవలేదు. పరీక్షలు చెప్పిన తేదీకి జరిగాయి, ఫలితాలు కూడా వచ్చాయి. జీవరాజ్ మాత్రం రోజూ పదింటికి ఖాళీ పోర్టికోలో సలాం చేసి, ఎవరూ లేని వరండాలో నడిచి, గది తలుపు తెరిచి, స్టూలు మీద కూర్చుని మే నెల దాకా రోజులు లెక్కపెట్టుకునేవాడు.

ఏప్రిల్‌లో తొమ్మిదో వీసీ వచ్చింది. అవును, వచ్చింది. డాక్టర్ రుక్మాబాయి, పుట్టింది బీదరు దగ్గరి హళ్ళిఖేడ్‌లో, ధారవాడలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. అంతకుముందు వచ్చిన సాబులు జీవరాజ్‌తో కన్నడమో ఇంగ్లీషో మాట్లాడేవారు. ఈమె కారు దిగుతూనే తెలుగులో "బాగున్నవా అయ్యా" అంది. అతను సలాం చేసి అలవాటు ప్రకారం ముందు నడిచాడు. వెనక అడుగుల చప్పుడే లేదు, ఆమె కాళ్లకు రబ్బరు చెప్పులు. సగం వరండా దాటాక వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఆగవయ్యా. నువ్వు ముంగట నడుస్తుంటే నీ పాగ తప్ప నాకేం కనిపిస్తలేదు. పక్కపొంటి రా."

పక్కన నడవమంటే జీవరాజ్‌కు కాళ్లు రాలేదు. ఒక అడుగు ముందుకూ ఒక అడుగు వెనక్కూ వేస్తూ ఎలాగో గది చేరాడు. ఆ సాయంత్రమే ఆమె ఒక ఉత్తర్వు రాసింది. మనిషి ముందు మనిషిని నడిపించడం చదువుల చోటికి తగదని, దఫేదారు పోస్టు రద్దు చేస్తున్నానని, పట్టీ, పాగా స్టోరులో అప్పగించాలని, గడువు తీరేదాకా అతనికి వేరే పని చూపించాలని. ఉత్తర్వు నిండా మంచి మాటలే. మనిషిని మనిషిగా చూడాలని రెండుచోట్ల ఉంది. ప్రొఫెసర్లు చప్పట్లు కొట్టారు. జీవరాజ్ పాగా విప్పి, మడిచి, స్టోరులో ఇచ్చి బోడితలతో ఇంటికి వచ్చాడు. చావు కబురు తెచ్చినవాడిలా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"పోస్టే లేదట. ఇంగ ఖాయం ఏం చేస్తరే" అన్నాడు.

కృపమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూ విన్నది.

"ఆమెను అడిగినవా?"

"ఏమని?"

"నన్ను ఖాయం చెయ్యుమని."

"ఫైలు ఉన్నది గదా."

"ఫైలు కాదయ్యా. నోరు. నోటితోని అడిగినవా? మొదటాయనను అడిగినవా? గుంతలాయనను అడిగినవా? గా జొన్నచేన్ల దాంక తీస్కపోతివి గదా, ఆయననన్న అడిగినవా?"

జీవరాజ్ తొమ్మిది మందినీ వరుసగా తలచుకున్నాడు. ఒక్కరినీ అడగలేదు.

"ముంగట నడిచేటోడు ఎనుకకు తిరగొద్దే" అన్నాడు చివరికి.

"గందుకే. పదమూడేండ్లు వాండ్లు సూసింది నీ ఈపు. మొఖం సూస్తే మనిషి అంటరు. ఈపుకు ఎవడన్న పింఛినిస్తడా?"

కృపమ్మ అలా అన్నాక అతనికి కోపం వచ్చింది. ఆ తర్వాత సిగ్గు వేసింది. పొద్దున్నే లేచి మొహం రెండుసార్లు కడుక్కున్నాడు.

పదింటికి రుక్మాబాయి కారు దిగింది. పట్టీ, పాగా లేని జీవరాజ్ ఆమె పక్కన నడిచాడు. నడుస్తున్న వీసీ మొహం చూడటం అతనికి అదే మొదటిసారి. ఆమె నుదుటి మీద చెమట ఉంది, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయి. భయం సగం తగ్గింది.

"అమ్మా, ఒక్క మాట."

"చెప్పయ్యా."

అతను చెప్పాడు. ఎనభై తొమ్మిది రోజులు, తొంభయ్యో రోజు, జూన్ ఒకటి, కృపమ్మ మోకాళ్లు, రెండు ఉత్తర్వులు, రెండు రద్దులు, అన్నీ చెప్పాడు. పదమూడేళ్ల మాట వరండా సగం కూడా దాటకముందే అయిపోయింది. ఆమె అక్కడే ఆగిపోయింది.

"ఇన్నేండ్ల సంది ఎందుకడగలేదయ్యా?"

"పక్కకు రమ్మన్నోళ్లు ఎవ్వరు లేకుండిరమ్మా."

ఆమె వెంటనే తుకారాంను పిలిచి ఫైలు తెమ్మంది. తుకారాం ఫైలు తెచ్చాడు గానీ చేతిలోంచి వదల్లేదు.

"మేడం, దస్కతు మీరు చేస్తరు, బరాబరే. గని పోస్టు లేదు. నిన్ననే మీరు తీసేసిండ్రు. లేని పోస్టుల మనిషిని ఖాయం చేసుడు ఎట్ల?"

రుక్మాబాయి మొహం చిన్నబోయింది. మనిషిని మనిషిగా చూడాలని రెండుచోట్ల రాసిన చేతితోనే ఆ మనిషి ముద్ద లాగేసినట్టు అయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమె చాలా బాధపడింది. లెక్కల మనిషి గనుక బాధలో ఎక్కువసేపు కూర్చోలేదు.

"నా హుకుం నేనే వాపస్ తీస్కుంట."

"తీస్కోవచ్చు మేడం. గని పోస్టు ఉంటే దఫేదారు మీ ముంగట నడవాలె. నడవకపోతే పోస్టు ఎందుకని పైనోళ్లు అడుగుతరు. పాలకమండలి ఒప్పుకునేదాంక నడవాలె."

అలా ఆచారాన్ని రద్దు చేసిన వీసీయే నెలన్నర పాటు ఎర్రపట్టీ వెనక నడిచింది. మొన్న చప్పట్లు కొట్టిన ప్రొఫెసర్లు ఇప్పుడు పాత మర్యాదల గొప్పతనం గురించి మాట్లాడారు. ఆమె సిగ్గుతో తలవంచుకుని నడిచేది. ఊరకే నడవడం ఇష్టం లేక వెనక నుంచే అడిగేది, "జీవరాజూ, కృపమ్మ మోకాళ్లు ఎట్లున్నయి?" అని. జీవరాజ్ ముందుకే చూస్తూ, సలాం చేసే గొంతుతో "నూనె రాస్తున్నదమ్మా" అని అరిచేవాడు. గుమాస్తాలు అదేదో కొత్త హెచ్చరిక అనుకుని లేచి నిలబడేవారు.

పాలకమండలి మే నెలలో రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి సభ్యులు రాలేదు, ఒకసారి వచ్చారు గానీ భోజనం చేసి వెళ్లిపోయారు. జీవరాజ్‌కు నిద్ర పట్టేది కాదు. కృపమ్మ దేవుణ్ణి వదిలేసి తుకారాంను తిట్టడం మొదలుపెట్టింది. ఆఖరికి ముప్పయ్యో తేదీ, గురువారం మధ్యాహ్నం మండలి కూర్చుంది. రుక్మాబాయి మొదటి అంశంగా ఫైలు పెట్టి, ఇది కానిదే భోజనం రాదని చెప్పింది. పది నిమిషాల్లో ఒప్పుకున్నారు. ఆమె సంతకం చేసింది. మే ముప్పై ఒకటి పొద్దున నుంచి దఫేదారు జీవరాజ్ ఖాయం. అదే రోజు సాయంత్రం పదవీ విరమణ.

తుకారాం రిజిస్టరులో ఎక్కించి, ముద్ర కొట్టి, జీవరాజ్‌ను కావలించుకున్నాడు. జీవరాజ్ ఆ ముద్రను చాలాసేపు చూసి ఒక సందేహం అడిగాడు.

"ఖాయమైనోనికి, టెంపరరీవానికి ఫరక్ ఏంది తుకారామయ్యా?"

"పింఛిని, మామా."

"అది ఎల్లుండి సంది. రేపు ఒక్క దినం ఖాయమే గదా నేను. రేపటికేం ఫరక్?"

తుకారాం తల గోక్కున్నాడు. ఇంతవరకు ఎవరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు.

"రేపటికా... రేపటికి రజ ఉంటది. ఖాయమైనోడు రజ పెట్టొచ్చు. ఇంట్ల కూసున్నా జీతం కొయ్యరు."

"పెడ్త."

"పాగల్ అయినవా? రేపు నీ ఆఖరి దినం!"

"మరి ఎన్నడు పెట్టాలె? ఎల్లుండి పెడ్తే ఇస్తరా?"

తుకారాం దరఖాస్తు కాగితం తీశాడు. కారణం అని ఉన్నచోట జ్వరమని రాయనా, పెళ్లని రాయనా అని అడిగాడు. అబద్ధమెందుకు, ఇంట్ల కూసుంట అని రాయి అన్నాడు జీవరాజ్. అలాగే రాశాడు.

రుక్మాబాయి చదివింది. రేపటికి పూలదండ తెప్పించానని, సభ పెట్టానని చెప్పింది.

"సభ సోమారం పెట్టుండ్రి అమ్మా, తప్పక వస్త. రజ మాత్రం రేపే దొరుకుతది" అన్నాడు జీవరాజ్.

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత సంతకం చేసింది.

మర్నాడు పది గంటలకు ఆమె ఒక్కతే కారు దిగి వరండాలో నడిచింది. ఒక్క గుమాస్తా లేవలేదు. మూడో గది దగ్గర కొత్తగా చేరిన చప్రాసీ ఆమెను ఆపి, ఎవరు కావాలమ్మా, అడ్మిషన్లు ఇంకా మొదలు కాలేదు అన్నాడు.

అదే సమయానికి జీవరాజ్ ఇంటి ముందు నులక మంచం మీద బనీనుతో కూర్చుని ఉన్నాడు. భీమప్ప గోడ మీదుగా తల పెట్టాడు.

"ఏందన్నా, ఇయ్యాల తొంభయ్యో దినమా?"

"కాదురా. రజ."

ఆ మాట విని కృపమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"జీతం?"

"కొయ్యరు."

"ఒట్టు?"

"అమ్మ దస్కతు చేసింది."

కృపమ్మ మెల్లగా మోకాళ్లు పట్టుకుని వచ్చి మంచం మీద అతని పక్కన కూర్చుంది. పనిదినం నాడు, పట్టపగలు, ఏ భయమూ లేకుండా ఇద్దరూ అలా కూర్చోవడం వాళ్ల కాపురంలో ఎన్నడూ లేదు. ఇక ముందు కూడా తినడానికి ఉంటుంది, ఒకరి గడప తొక్కే పని లేదు. జీవరాజ్‌కు అది ఇప్పుడే మనసుకు పట్టింది. మొహం తిప్పుకోబోయాడు గానీ కళ్లలోంచి నీళ్లు అప్పటికే దిగిపోయాయి.

కృపమ్మ చూసింది.

"ఏడుస్తున్నవా?"

"ఆ."

"ఏడువు, ఏడువు" అంది అతని వీపు నిమురుతూ. "జీతం కొయ్యరంటివి గదా."